పాత గోవా చర్చిలో మా మేస్త్రీ మావయ్య

మొదటి ఉద్యోగం దొరికిన ఏడాది మనిషి నేలకు జానెడు ఎత్తున నడుస్తాడని అంటే మీరు ఒప్పుకుంటారనుకుంటాను. ఆ రోజుల్లో నేను మూరెడు ఎత్తున నడిచేవాణ్ణి. టెక్కలిలో సివిల్ డిప్లొమా చదివి, తిన్నగా గోవాలో ఒక హోటలు కడుతున్న సైటులో సూపర్‌వైజరుగా చేరాను. పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని ఫొటో తీయించుకుని, ఆ ఫొటోను ఫోనులో నంబరున్న ప్రతి బంధువుకీ పంపాను (మా ఊరి పాల కేంద్రం వాళ్ళకి కూడా వెళ్ళిందని తర్వాత తెలిసింది). అమ్మతో మాట్లాడేటప్పుడు మధ్యమధ్య హిందీ ముక్కలు దొర్లించేవాణ్ణి. "ఏటిరా, జొరమొచ్చినట్టు మాటాడుతన్నావు?" అనేది అమ్మ. నాకు వచ్చిన హిందీ అంతా కలిపి నలభై వాక్యాలకు మించదు. అందులో ముప్ఫై సిమెంటు గురించే. అయినా ఆ నలభైతో దేశమంతా ఏలగలనన్న ధీమా ఉండేది. ఆ ధీమా ఒక శనివారం ఎలా కూలిపోయిందో, అందుకు నేను ఇవాళ్టికీ ఎందుకు సంతోషిస్తానో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా అమ్మకు ఒక్కడే అన్న. ఊరంతా ఆయన్ని మేస్త్రీ అనేది, నేను మేస్త్రీ మావయ్య అనేవాణ్ణి. తాపీపని ఆయనకు తండ్రి దగ్గర వచ్చింది. నందిగాం నుంచి సోంపేట దాకా ఆయన చేయి పడని ఊరు లేదు. గోడ కడితే నూలు వేసి గీసినట్టుండేది. మాట మాత్రం తక్కువ. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, జేబులో, గోడ నిటారుగా ఉందో లేదో దారంతో వేలాడదీసి చూసే ఒక ఇత్తడి తూకం గుండు. ఆ గుండు లేకుండా ఆయన పెళ్ళి పీటల మీద కూడా కూర్చోలేదని మా అత్త ఆడిపోసుకునేది.

మా ఊరు సోంపేటకీ సముద్రానికీ మధ్య, కొబ్బరి, జీడితోటల్లో ఉంటుంది. ఊళ్ళో మా బాప్టిస్టు సంఘానిది మిషన్ కాలం నాటి పెంకుటి చర్చి ఒకటి ఉండేది. పెద్ద తుఫాను వచ్చినప్పుడు చెట్లు ఎలా పడిపోయాయో ఆ కప్పూ అలాగే పడిపోయింది. గోడలు రెండు మిగిలాయి. ఆ తర్వాత ఆదివారం ఆరాధనలన్నీ జీడిపిక్కలు ఆరబోసే కళ్ళంలో, టార్పాలిన్ కింద. కొత్త చర్చి కట్టుకోవాలని సంఘమంతా అనుకున్నారు. ఎవరు కట్టాలన్న దగ్గరే చీలిక వచ్చింది. సంఘపెద్దల్లో పెద్దాయన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. మేమంతా ఆయన్ని హెడ్మాస్టరు తాతగారు అనేవాళ్ళం. ఆయన విశాఖపట్నం నుంచి ఒక కాంట్రాక్టరును పిలిపించాడు. అద్దాల ముఖం, మెరిసే రేకులు, లోపల ఫాల్సు సీలింగు ఉన్న రంగుల బొమ్మ కళ్ళంలో గోనెసంచీ మీద పరిచారు. అందరూ చుట్టూ చేరి చూస్తుంటే వెనకనుంచి మావయ్య ఒక్క మాట అన్నాడట. "మళ్ళీ తుఫానొత్తే ఈ అద్దాలు ఎవుల పొలంలో ఏరుకోవాల?"

హెడ్మాస్టరు తాతగారికి కోపం వచ్చింది. "నువ్వు ఇళ్ళు కట్టినావు మేస్త్రీ, కాదన్ను. సక్కగా కట్టినావు. గానీ చర్చి అంటే ఇల్లు కాదు. నీ బతుకులో ఒక్క పెద్ద చర్చి లోపలికెల్లి సూసినావా?" అన్నాడట. మావయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నేదు. సూసొత్తాను. అందాకా ఆగండి," అన్నాడట. పాస్టరు అయ్యగారు నెల రోజులు గడువు ఇచ్చారు. ఆ సాయంత్రమే నాకు ఫోను.

"ఒరే అల్లుడా, మీ గోవాలో పెద్ద పెద్ద చర్చీలుంతాయంట కదా. నాను సూడాల. ఒక్కటి సూసినా సాలు గానీ, బాగా సూడాల."

నేను గర్వంగా "రా మావయ్యా, నేనున్నాను కదా" అన్నాను. అంతటితో ఆగితే ఈ కథ లేదు. మర్నాడు సైటులో మా ఇంజనీరమ్మ దగ్గర సెలవు అడగాల్సి వచ్చింది. ధార్వాడ వైపు మనిషి, ముప్ఫై దాటి ఉంటాయేమో. సిమెంటు బస్తా వాసన చూసి ఎన్నాళ్ళదో చెప్పేది. ఆవిడ ముందు నిలబడితే నా నలభై వాక్యాలు పదికి పడిపోయేవి. ఆవిడ దగ్గర మంచి మార్కులు కొట్టేయాలని నాకు పెద్ద ఆశ. సెలవు ఎందుకని అడిగింది. మావయ్య వస్తున్నాడు, పాత గోవాలో చర్చి చూడాలట అన్నాను. మీ మావయ్య ఏం చేస్తారని అడిగింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటను ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. "ఆర్కిటెక్టు," అన్నాను. అక్కడితో ఊరుకోక, "విశాఖపట్నంలో ఆఫీసు," అని కూడా అన్నాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. పాత కట్టడాలంటే ప్రాణమట. వాటిని తెలిసినవాళ్ళ పక్కన నిలబడి చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరికట. "శనివారం నా కారులో వెళ్దాం. నేనూ వస్తాను," అంది. మావయ్య పంచె గుర్తొచ్చి, బజారులో ప్యాంటు ఎంతుంటుందో లెక్కేసుకున్నాను.

మావయ్య పలాసలో రైలెక్కి, రెండు బళ్ళు మారి, మడగావ్‌లో దిగాడు. అదే పంచె, అదే తువ్వాలు, చేతిలో గోనెసంచీ. ఆ సంచీలో రెండు డబ్బాల జీడిపప్పు, ఒక తాపీ. "తాపీ ఎందుకు మావయ్యా?" అంటే, "దూరం ఎల్తన్నాను కదా, సెయ్యి ఊరికే ఉంటాదని," అన్నాడు. భాష రాని మనిషి బళ్ళు ఎలా మారాడని నాకు ఆశ్చర్యం. అదే అడిగాను. "అడిగినాను. సెప్పినారు," అన్నాడు. లోకంలో ఎంత మంచివాళ్ళున్నారో అనుకున్నానే తప్ప, ఆ జవాబులో ఇంకేమైనా ఉందేమోనని అనుమానించే తెలివి నాకు లేదు.

ఆ రాత్రికి ముందే బజారుకు తీసుకెళ్ళి ఆయనకు ఒక ప్యాంటూ, గళ్ళ చొక్కా కొన్నాను. ప్యాంటు పొడుగైంది, కింద రెండు మడతలు పెట్టాం. "ఇదేటిరా, ఎవులి పెల్లి?" అన్నాడు. "ఆఫీసు వాళ్ళు వస్తున్నారు మావయ్యా. నువ్వు హిందీ గురించి బెంగపడకు. మన భాషలోనే మాట్లాడు, నేను వాళ్ళకి చెప్తాను," అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒక క్షణం చూసి, "సరేరా. నీ ఇట్టం," అని తూకం గుండు తీసి కొత్త ప్యాంటు జేబులో వేసుకున్నాడు. జేబు ఒక పక్కకి వేలాడింది.

పాత గోవాలో నది ఒడ్డుకు దగ్గరగా, పచ్చగడ్డి మధ్యలో ఉంది ఆ చర్చి. తెల్లగా, రెండు బురుజులతో, చూడ్డానికి మెడ వెనక్కి విరగాల్సినంత ఎత్తు. ముఖద్వారం పైన అంచులు తిన్నగా ఉండకుండా, రెండు వైపులా మెలికలు తిరిగి, చుట్టుకుని, మళ్ళీ పైకి లేస్తాయి. దీన్ని బరోక్ పద్ధతి అంటారని ఇంజనీరమ్మ చెప్పింది. నేను వెంటనే "అవునవును," అన్నాను (ఆ మాట వినడం అదే మొదటిసారి). మేమిద్దరం లోపలికి నడవబోతే మావయ్య రాలేదు. ఎదురుగా గడ్డి మీద చతికిలబడి కూర్చున్నాడు.

"లోపలికి రా మావయ్యా."

"ఆగరా. కట్టడం సూడాలంటే ముందు బయట కూకోవాల. ఎండ ఏ పక్క పడతాందో, గాలి ఎటెల్తాందో తెల్వొద్దేటి?"

ఇంజనీరమ్మ ఏమన్నారని అడిగింది. నేను గొంతు సవరించుకుని, "సార్ ముందుగా ఈ కట్టడానికీ ప్రకృతికీ ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేస్తారట," అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి తనూ గడ్డి మీద కూర్చుంది. నేను ఒక్కణ్ణే ఇస్త్రీ ప్యాంటు నలుగుతుందని నిలబడ్డాను. అలా అరగంట.

గుమ్మం దగ్గర మావయ్య చెప్పులు విడిచేశాడు. మా ఊళ్ళో చర్చి అంటే చెప్పులు బయట, చాపలు లోపల. ఇక్కడ అందరూ బూట్లతోనే వెళ్తున్నారని చెప్పినా వినలేదు. లోపల అడుగు పెట్టగానే నేను కూడా నిలబడిపోయాను. దూరంగా చివర, నేల నుంచి కప్పు దాకా ఒకటే బంగారు పూత. మెలికలు తిరిగిన స్తంభాలు, ద్రాక్షతీగలు, ఆకులు, రెక్కల పిల్లలు, దేవదూతలు. పై కిటికీల నుంచి పడే వెలుతురులో అదంతా కదులుతున్నట్టు ఉంది. మావయ్య కాసేపు తువ్వాలు లేని భుజాన్ని తడుముకుని, "జీడితోటలో పళ్ళు ముగ్గినప్పుడు ఇలగే ఉంతాది కదరా," అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు చాలా మోటుగా అనిపించింది. "సార్ ఈ రంగుల సమ్మేళనాన్ని మెచ్చుకుంటున్నారు," అన్నాను.

ఆ తర్వాత గంట సేపు నా జీవితంలోకెల్లా గొప్ప అనువాదం సాగింది. మెలికల స్తంభాలు చూసి మావయ్య, "తడిగుడ్డ పిండినట్టు పిండీసినారు, సచ్చినోళ్ళు, ఏం పనోళ్ళురా," అన్నాడు. నేను: "స్తంభాల్లో చలనం ఉందంటున్నారు." రెక్కల పిల్లలను చూసి, "ఈ బొద్దు గుంటలకి రెక్కలు సాలవు. ఆ బరువుతో ఎగిరితే కొబ్బరిసెట్టు దాటరు," అన్నాడు. నేను: "శరీరానికీ రెక్కకీ ఉన్న నిష్పత్తి గురించి ఆలోచిస్తున్నారు." చుట్టూ విగ్రహాలు చూసి, "ఇన్ని బొమ్మలుంటే మన అయ్యగారి పెసంగం ఎవుడింటాడు, అందరూ పైకే సూత్తారు," అన్నాడు. నేను: "శిల్పాల సంఖ్య ఎక్కువేనంటున్నారు." ఇంజనీరమ్మ చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ పుస్తకం చూశాక ఇక ఆపేద్దామనుకున్నాను కానీ, అప్పటికే బండి కొండ దిగుతోంది.

అందరూ బంగారం వైపు తిరిగి ఫొటోలు తీసుకుంటుంటే, మావయ్య దానికి వీపు పెట్టి పక్క గోడల దగ్గరికి వెళ్ళాడు. అరచేయి ఆనించి చూశాడు. చెవి పెట్టి వేలితో కొట్టి చూశాడు. కిటికీ లోతును మోచేత్తో కొలిచాడు, రెండు మూరల పైనే ఉంది. జేబులోంచి తూకం గుండు తీసి గుమ్మం పక్కన వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసి, "నూలుపోగంత తేడా నేదు. ఇన్నేళ్ళ గోడ," అన్నాడు. ఆ మాటే మళ్ళీ తనలో తను అనుకున్నాడు. అది నేను విననట్టు నటించాను. ఎందుకంటే అప్పటికే ఇద్దరు ముగ్గురు యాత్రికులు ఆయన వైపు వింతగా చూస్తున్నారు.

ఆ తర్వాత జరిగినదాన్ని ఇన్నేళ్ళూ మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. చర్చి నడిమధ్య, బల్లల మధ్య దారిలో, మావయ్య వెల్లకిలా పడుకున్నాడు. చేతులు రెండూ పక్కలకు చాచి, కళ్ళు కప్పు మీద పెట్టి, కదలకుండా. కప్పు పడవను తిరగేసినట్టు ఒంపుగా ఉంది, దాని నిండా సున్నపు పువ్వులు. ఆ ఒంపు ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతోందో చూస్తున్నాడాయన. చూసినవాళ్ళకు మాత్రం మనిషి కళ్ళు తిరిగి పడిపోయినట్టే ఉంది. అక్కడి ముసలి కాపలాదారు పాపం పరుగెత్తుకొచ్చి నీళ్ళు తెమ్మంటారా అని అడిగాడు. కాలేజీ పిల్లలు కొందరు కిసుక్కున నవ్వి ఫోన్లు పైకెత్తారు. అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, మెల్లగా ఒక స్తంభం వెనక్కి జరిగి, అక్కడున్న రాతిపలక మీది అక్షరాలు చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. అది లాటిన్ అట. నాకేం తెలుసు? దాన్ని మూడుసార్లు చదివాను.

"ఒరే అల్లుడా," నేల మీంచి పిలుపు. "ఈ పెద్దాయనకి సెప్పరా, నడుం నొప్పి కాదు, కప్పు సూత్తన్నానని."

నేను కదల్లేదు. స్తంభం చాటునుంచే చూశాను. ఇంజనీరమ్మ కాపలాదారుకు ఏదో నెమ్మదిగా చెప్పి, తన సంచీ పక్కన పెట్టి, మావయ్య తల దగ్గర నేల మీద కూర్చుని తనూ పైకి చూసింది. కాపలాదారు కూడా ఒక క్షణం తల పైకెత్తి చూసి, చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. పిల్లల నవ్వులు ఆగిపోయాయి. నవ్వు ఆగాక కూడా చాటున ఉండిపోయిన వెధవని నేనొక్కణ్ణే.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. పక్కనే నాలుగు వైపులా వసారాలున్న ముంగిలి. అందులో ఒక గోడకి పరంజా కట్టి పాత సున్నపు పూతకు మరమ్మతు చేస్తున్నారు. నేల మీద సున్నపు తొట్టెలు. గోడకి వేసే ముందు సరిచూసుకోవడానికి ఇటుకలతో కట్టిన ఒక నమూనా గోడ పక్కన ఉంది. దాని మీద పూత సన్నగా నెరలిచ్చి ఉంది. పెద్ద మేస్త్రి, తలకి గుడ్డ చుట్టుకున్న మనిషి, దాని ముందు గొంతుక్కూర్చుని విసుగ్గా చూస్తున్నాడు. మావయ్య నడక ఆగిపోయింది. తొట్టెలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూశాడు.

అప్పుడే ఇంజనీరమ్మ నన్ను అడిగింది, కప్పు ఒంపు గురించి సార్ అభిప్రాయం ఏమిటని. నేను మావయ్యను అడిగాను. మావయ్య సున్నం మీంచి చూపు తిప్పకుండానే, "ఆయమ్మ ముకం సూడు, ఆకలితో పీక్కుపోనాది. పొద్దున్నించి నిలబెట్టీసినావు. ముందు ఏటైనా తినిపించు," అన్నాడు. నేను ఛాతీ విరుచుకుని, ఒంపు కట్టడం వల్ల బరువంతా రెండు పక్కల మందపాటి గోడల్లోకి దిగిపోతుందని సార్ విశ్లేషిస్తున్నారని, నాకు వచ్చిన హిందీ మొత్తం ఖర్చు పెట్టి చెప్పాను.

మావయ్య తలెత్తి నన్ను చూశాడు. ఆ తర్వాత ఇంజనీరమ్మ వైపు తిరిగి, బెదురు లేకుండా, గలగలమని, హిందీలో, "అమ్మా, వీడు చెప్పింది కూడా నిజమే కానీ, నేనన్నది అది కాదు. ముందు మీకేదైనా తినిపించమన్నాను," అన్నాడు.

ఇంజనీరమ్మ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. మావయ్య మాత్రం ఆపాటికే పెద్ద మేస్త్రి పక్కన గొంతుక్కూర్చుని, అదే హిందీలో అడుగుతున్నాడు. సున్నం ఎన్ని రోజులు నానబెట్టారు? గోడను ఎంత తడిపారు? బెల్లం నీళ్ళు కలిపారా? కరక్కాయ? పెద్ద మేస్త్రి మొదట ముభావంగా, తర్వాత ఆసక్తిగా, తర్వాత ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ. చివరికి నమూనా గోడ మీద ఒక మూల చూపించి, మీరే వేసి చూపించండి అన్నాడాయన. మావయ్య కొత్త గళ్ళ చొక్కా చేతులు పైకి మడిచాడు. కారులో ఉన్న గోనెసంచీలోంచి తాపీ తెచ్చిపెట్టింది ఇంజనీరమ్మే, అందులోని జీడిపప్పు తింటూ. (నేను ఇంకా ఆ హిందీ దగ్గరే ఆగిపోయి ఉన్నాను.)

గోడను అంత సేపు తడుపుతారని నాకు డిప్లొమాలో ఎవరూ చెప్పలేదు. నీళ్ళు చల్లి, ఆగి, మళ్ళీ చల్లి, ఇటుక దాహం తీరేదాకా. ఆ తర్వాత పలచగా ఒక పొర, దాని మీద ఇంకొకటి. తాపీ ఆయన చేతిలో అటూ ఇటూ వెళ్తుంటే వెన్న రాసినట్టుంది. చివర ముంగిట్లోనే ఒక నున్నటి గులకరాయి ఏరుకుని గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆ జానెడు గోడ గాజులా మెరిసింది. పరంజా మీదివాళ్ళు కూడా దిగి వచ్చి చుట్టూ నిలబడ్డారు. పెద్ద మేస్త్రి దాని మీద అరచేయి పెట్టబోయి, ఆగి, తన చేయి ప్యాంటుకి తుడుచుకుని అప్పుడు పెట్టాడు. "ఉస్తాద్," అన్నాడు.

ఇంజనీరమ్మ నా పక్కకి వచ్చింది. తిడుతుందనుకుని తల వంచుకున్నాను.

"ఆర్కిటెక్టు అన్నావు కదూ?" అంది.

"తప్పయింది మేడమ్."

"తప్పే. ఆయన్ని పెంచి చెప్పాననుకున్నావు. తగ్గించి చెప్పావు."

అంతే అంది. ఆ తర్వాత ఆ సంగతి సైటులో ఎప్పుడూ ఎత్తలేదు. నేనైతే ఆ క్షణంలో ఏడవాలో నవ్వాలో తెలియక, చుట్టూ మూగిన ఆ పనివాళ్ళని తోసుకుంటూ ముందుకెళ్ళి, ఎవరూ అడక్కుండానే, "మా మావయ్య! మా అమ్మకి సొంత అన్న!" అని అరిచాను. ఏ భాషలో అరిచానో గుర్తు లేదు. అందరికీ అర్థమైంది.

ఆ సాయంత్రం నది రేవు దగ్గర సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. మావయ్య మళ్ళీ పంచెలోకి మారిపోయాడు. నేను అడిగాను, హిందీ ఎప్పుడు నేర్చుకున్నావని.

"నువ్వు పుట్టకముందు ఖరగ్‌పూర్‌లో ఏడేళ్ళు పన్జేసినాన్రా. మన ఊర్లో ఎవుల్తో మాటాడతాను?"

"మరి పొద్దున్నించీ తెలిసే ఊరుకున్నావా? ఆర్కిటెక్టు అన్నప్పుడు కూడా?"

"ఇన్నాను. కారులో ఆయమ్మ నన్ను ఆపీసు గురించి అడిగితే నువ్వు సెప్పిందీ ఇన్నాను." నది మీద వెళ్తున్న బల్లకట్టును చూస్తూ నవ్వాడు. "నీ కొలువు కాడ నీ పరువు కదరా. మద్దిలో నానెందుకు అడ్డం? గానీ ఆయమ్మ ఆకలితో ఉంటే నువ్వు గోడలు సెప్తన్నావు సూడు, అక్కడ మాత్తరం ఆగలేపోనాను."

"నేల మీద పడుకున్నప్పుడు పిలిస్తే రాలేదు. దాక్కున్నాను మావయ్యా."

"సూసినాను. నీ బూట్లు కనిపించినాయి." నా భుజం మీద చేయి వేశాడు. సున్నం వాసన. "పోన్లే. ఆ కప్పు ముందు ఎవులైనా సిన్నోళ్ళయిపోతారు."

మావయ్య ఊరికి వెళ్ళాక కళ్ళంలో సంఘం మళ్ళీ కూర్చుంది. ఈసారి అక్కడ నేను కూడా ఉన్నాను. వారం రోజుల సెలవు ఇంజనీరమ్మే ఇప్పించింది. హెడ్మాస్టరు తాతగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, "సూసినావా మేస్త్రీ? ఏటుంది అక్కడ?" అన్నాడు. అంత మాటకారి కాని మావయ్య ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు. "బంగారం ఉంది తాతగారూ. అది మనకొద్దు, మన జీడితోటల్లో ఉన్నదే సాలు. గోడలు సూసినాను. మందం గోడలు, పైనెక్కడో కిటికీలు, ఎలుతురొత్తాది, ఏడి రాదు, గాలి కొట్టదు. కప్పు పడవ బోర్లించినట్టు కట్టినారు. గాలి దాని మీంచి జారిపోతాది గానీ పట్టుకుని లాగలేదు. అది కట్టినోళ్ళు మనలాగే తాపీ పట్టినోళ్ళే. నాను కడతాను. కూలిపోతే నన్ను దాని కిందే పాతీండి."

తాతగారు లేచి, రంగుల బొమ్మను చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, "మరి సున్నం ఎక్కడ్నించి తెత్తావు?" అన్నాడు. ఒప్పుకోవడంలో ఆయన పద్ధతి అది.

సున్నం సముద్రం ఇచ్చింది. పక్క పల్లె మత్స్యకారుల ఆడవాళ్ళు, గంగమ్మకు మొక్కుకునేవాళ్ళు, ఒడ్డున గుల్లలు ఏరి బుట్టలకు బుట్టలు మోసుకొచ్చారు. తుఫానులో వాళ్ళ పిల్లలు తలదాచుకున్నది మా చర్చి మిగిలిన రెండు గోడల మూలలోనే మరి. ఆ గుల్లలు కాల్చి, సున్నపు గానుగలో వేసి తిప్పి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి నానబెట్టారు. ముఖద్వారం పైన గోవాలో చూసిన మెలికలు మావయ్య తన చేతులతో తీర్చాడు. మధ్యలో ద్రాక్షలకు బదులు జీడిపళ్ళు, కొబ్బరి మట్టలు. మా సంఘంలో విగ్రహాలు పెట్టరు కాబట్టి అయ్యగారు చూసి, "బొమ్మలేవీ లేవు కదా మేస్త్రీ?" అని ఒకటికి రెండుసార్లు అడిగి తృప్తిపడ్డారు. పల్లెవాళ్ళకి మాత్రం ఆ మెలికలు కెరటాల్లా కనిపించాయి. ఇప్పుడు వేట నుంచి తిరిగొచ్చే పడవలకి ఆ తెల్ల కెరటాలే గురుతు. "మేస్త్రి గోడ కనిపించినాదంటే ఒడ్డొచ్చేసినట్టే," అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు మళ్ళీ మూరెడు ఎత్తు పెరిగినట్టుంటుంది. ఈసారి నా గొప్పతనం అందులో ఏమీ లేదు కాబట్టి దిగి రావాల్సిన పని కూడా లేదు.

ఆ తర్వాత ఇంకో రెండు తుఫాన్లు వచ్చి వెళ్ళాయి. కప్పు కదల్లేదు. హెడ్మాస్టరు తాతగారు గాలి వాన వచ్చిన ప్రతిసారీ అందరికంటే ముందు చాప పట్టుకుని చర్చిలోకి వచ్చి కూర్చుంటాడు.

గోడలు లేచి పూత పని మొదలయ్యాక ఇంజనీరమ్మ ఇంకో పన్నెండు రోజుల సెలవు ఇప్పిస్తే, అందులో పది రోజులు గానుగ దగ్గరే గడిచాయి. చేతులు సున్నానికి పగిలి, అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాను. చివరి రోజున మావయ్య నన్ను పిలిచి, ప్రసంగ వేదిక వెనక, పక్క గుమ్మం దగ్గర ఒక చదరపు గజం గోడ చూపించి, "ఇది నీది. ఎయ్యి," అన్నాడు. వేశాను. ప్రాణమంతా పెట్టి వేశాను. రాయితో రుద్దాను. పూర్తయ్యాక వెనక్కి జరిగి చూస్తే అది మా ఉద్దానం తీరంలోని ఇసక దిబ్బల్లా ఎత్తుపల్లాలుగా ఉంది. సిగ్గుతో, "చెరిపేసి నువ్వే వెయ్యి మావయ్యా," అన్నాను. ఆయన గోడను ఒకసారి తడిమి, "ఉండనీరా. పట్టు బాగుంది, ఊడదు," అని తాపీ కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నాకు సొంత పనులున్నాయి, కింద పదిమంది మేస్త్రీలున్నారు, నా గోడలు తిన్నగానే ఉంటాయి. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఆదివారం ఆ గుమ్మం పక్కనే చాప వేసుకుని కూర్చుంటాను. పొద్దుటి ఎండ పై కిటికీలోంచి ఏటవాలుగా పడినప్పుడు మిగతా గోడంతా నున్నగా, నీళ్ళు నిలిచినట్టు ఉంటుంది. ఆ చదరపు గజం మాత్రం గతుకులు గతుకులుగా తేలుతుంది. ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, నలభై వాక్యాలతో లోకాన్ని ఏలాలనుకున్న ఆ కుర్రాడు నాకు అక్కడ కనిపిస్తాడు. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మాత్రం చేయి చాపి, ఎవరూ చూడకుండా, వాడి వీపు ఒకసారి నిమురుతాను.